కార్డు స్టేట్‌మెంట్‌లో పోల్చుకోలేని క్లౌడ్ సాఫ్ట్‌వేర్ చందా: అది ఎవరిదో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మేఘమాలిక

అందరికీ నమస్కారం. గత నెలలోనూ ఈ నెలలోనూ నా క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో నేను పోల్చుకోలేని పద్దు ఒకటి పడింది. అందులో మొదట రెండక్షరాల పొట్టి పేరు, దాని పక్కన నక్షత్రం గుర్తు, ఆ తరువాత మధ్యలోనే తెగిపోయిన ఒక మాట, చిట్టచివర నేను ఏనాడూ లావాదేవీ జరపని ఒక నగరం పేరు ఉన్నాయి. తెగిపోయిన ఆ మాటలో ‘క్లౌడ్’ అన్నంతవరకు చదవగలిగాను కనుక ఇది ఏదో సాఫ్ట్‌వేర్ చందా అయి ఉంటుందని ఊహిస్తున్నాను. ఆ పద్దు కిందనే, అదే తేదీతో, చాలా చిన్న మొత్తం ఇంకొకటి విడిగా ఉంది. పైగా ఈ నెల వసూలైన మొత్తం గత నెల కన్నా కొంత ఎక్కువగా ఉంది. చందా అన్నాక నెలనెలా ఒకే మొత్తం ఉండాలి కదా అన్నది నా సందేహం.

నేను ఒక చిన్న బృందంతో కలిసి వెబ్‌సైట్ల పని చేస్తుంటాను. డొమైన్లు, సర్వర్లు, డిజైన్ సాఫ్ట్‌వేర్, ఫైళ్లు దాచుకునే చోటు వంటి వాటికి వేర్వేరు సమయాల్లో ఇదే కార్డు ఇచ్చి ఉన్నాం. స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తాన్ని పెట్టి నా మెయిల్‌లో వెతికితే ఒక్క రశీదు కూడా దొరకలేదు. బ్యాంకువారు మాత్రం, నాది కాదని చెబితే కార్డు బ్లాక్ చేసి డిస్ప్యూట్ (ఆ వసూలు మీద అభ్యంతరం) నమోదు చేస్తామన్నారు. తీరా అది మేము వాడుతున్న సేవే అయితే పని మధ్యలో నిలిచిపోతుందేమోనని వెనకాడాను. ఇటువంటి పద్దును ఎలా చదవాలి, మొత్తం ఎందుకు మారుతుంది, కార్డును ఇప్పుడే బ్లాక్ చేయించడం మంచిదా అన్న విషయాలు తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: పద్దులపుస్తకం

స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు డబ్బు వసూలు చేసినవారి పేరే తప్ప మీరు కొన్న వస్తువు పేరు కానక్కరలేదు. ఈ రెండింటికీ తేడా ఉండటం క్లౌడ్ సాఫ్ట్‌వేర్ విషయంలో మరీ సాధారణం. ఎందుకంటే చాలా చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలు నేరుగా వసూలు చేసుకోవు; పన్నులు, ఇన్‌వాయిస్‌లు, రిఫండ్‌లు అన్నీ తానే చూసుకునే మధ్యవర్తి సంస్థకు ఆ పని అప్పగిస్తాయి. పాడిల్, ఫాస్ట్‌స్ప్రింగ్, టూచెకౌట్, లెమన్ స్క్వీజీ వంటివి ఆ కోవలోనివి. చట్టం దృష్టిలో మీకు అమ్మినవారు వాళ్లే కాబట్టి స్టేట్‌మెంట్‌లో ముందుగా వాళ్ల పొట్టి పేరు, నక్షత్రం గుర్తు, దాని తరువాత మాత్రమే అసలు సాఫ్ట్‌వేర్ పేరు వస్తాయి. ఫాస్ట్‌స్ప్రింగ్ పద్దులు ‘ఎఫ్ఎస్’ అనే రెండక్షరాలతో మొదలవడం, మైక్రోసాఫ్ట్ పద్దులు ‘ఎంఎస్ఎఫ్‌టీ’ అని పడటం ఇటువంటివే. మీ పద్దులో నక్షత్రం ఉందన్నారు కనుక దానికి ఎడమవైపున్నది వసూలుదారు, కుడివైపున్నది వస్తువు అనుకుని మొదలుపెట్టండి.

మాట మధ్యలో తెగిపోవడంలో మోసమేమీ లేదు, చోటు చాలకపోవడమే కారణం. కార్డు లావాదేవీల సందేశాలకు వాడే ఐఎస్ఓ 8583 ప్రమాణంలో వర్తకుని పేరు, ఊరు, దేశం అన్నీ కలిపి 40 అక్షరాలలో ఇమడాలి. స్ట్రైప్ వంటి చెల్లింపు సంస్థలైతే పేరుకు 22 అక్షరాలకు మించి ఇవ్వవు. ముందున్న పొట్టి పేరు, నక్షత్రం కొంత చోటు తినేశాక అసలు పేరుకు మిగిలేది అంతే. ఇక చివర ఉన్న నగరం ఆ సంస్థ నమోదైన చోటు మాత్రమే. సర్వర్లు అక్కడ ఉన్నాయనీ కాదు, మీ కార్డును అక్కడెవరో గీశారనీ కాదు. పెద్ద క్లౌడ్ సంస్థలు కూడా ప్రాంతానికొక సంస్థను వేరుగా నమోదు చేసుకుని బిల్లులు వేస్తాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్‌కు ఐరోపా వైపు బిల్లులు వేసే సంస్థ లక్సెంబర్గ్‌లో నమోదై ఉంది. ఆ పేరు చూసి ఉలిక్కిపడేవారు చాలామందే ఉంటారు.

బ్యాంకువారిని అడగదగిన వివరాలు ఇంకా రెండున్నాయి. మొదటిది వర్తకుని వర్గసంఖ్య. ఐఎస్ఓ 18245 ప్రకారం ప్రతి వర్తకునికీ నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 5734 అయితే సాఫ్ట్‌వేర్ దుకాణం, 7372 అయితే ప్రోగ్రామింగ్, డేటా ప్రాసెసింగ్ సేవలు, 5817 అయితే ఆటలు కాని డిజిటల్ అప్లికేషన్లు. పేరు అర్థం కాకపోయినా సరుకు ఏ జాతిదో దీనితో తెలుస్తుంది. రెండవది అక్వైరర్ రిఫరెన్స్ నంబర్ అనే 23 అంకెల సంఖ్య. అది చెబితే వసూలుదారు తన లెక్కల్లో ఆ ఒక్క లావాదేవీని సూటిగా పట్టుకోగలడు.

వసూలుదారు పేరు తేలాక ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ‘ఈ ఛార్జి ఏమిటి’ అన్న పేజీ కోసం చూడండి. పాడిల్ సంస్థ పాడిల్ డాట్ నెట్ అనే చిరునామాను ఈ పని కోసమే నడుపుతోంది. అయితే పద్దులోని మాటలను సెర్చ్ ఇంజిన్‌లో పెట్టి, మొదట దొరికిన ఫోన్ నంబరుకు మాత్రం కాల్ చేయకండి. ఇటువంటి అయోమయంలో ఉన్నవారి కోసమే వల పన్ని కూర్చున్న నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు అనేకం ఉన్నాయి.

సమాధానం: సర్వర్‌కాపరి

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మొత్తం ఎందుకు మారుతుందన్న భాగం నేను వివరిస్తాను. చందా అనగానే నెలకింత అన్న స్థిరమైన లెక్క మనకు తోస్తుంది. క్లౌడ్ బిల్లుల్లో అది ఒక రకం మాత్రమే. వాడకాన్ని బట్టి వేసేవి, మనిషికింత అని వేసేవి వేరుగా ఉన్నాయి.

వాడకం లెక్క కరెంటు మీటరు వంటిది, గది ఖాళీగా ఉన్నా దీపం వెలుగుతుంటే అది తిరుగుతూనే ఉంటుంది. దగ్గరగా చూడదగిన ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు (ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే అంకెల చిరునామా) గంటకు 0.005 డాలర్ల చొప్పున వసూలు చేస్తోంది. అంతకుముందు నడుస్తున్న సర్వర్‌కు తగిలించి ఉన్న చిరునామాకు విడిగా ఛార్జి ఉండేది కాదు. ఒక్క చిరునామా మిగిలిపోయిందనుకుందాం: 30 రోజుల నెలలో 720 గంటలకు 3.60 డాలర్లు, 31 రోజుల నెలలో 744 గంటలకు 3.72 డాలర్లు, 28 రోజుల ఫిబ్రవరిలో 3.36 డాలర్లు పడుతుంది. ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా నెలనెలా మొత్తం మారుతుందన్నమాట. సర్వర్‌ను ఆపివేసినప్పుడు యంత్రం అద్దె ఆగుతుంది గాని దానికి తగిలించిన డిస్కు అద్దె ఆగదు. డిస్కు నుంచి తీసుకున్న స్నాప్‌షాట్‌లు, అంటే ఆ సమయానికి అందులో ఉన్నదాని నకళ్లు, సర్వర్‌ను పూర్తిగా తొలగించిన తరువాత కూడా నిలిచే ఉంటాయి. ‘అన్నీ ఆపేశాం, ఇంకా డబ్బు పోతోంది’ అన్న ఫిర్యాదుల వెనుక నాకు ఎక్కువగా కనిపించేవి ఇవే.

మనిషికింత లెక్కలో, బృందంలోకి నెల మధ్యలో ఒకరిని చేర్చుకుంటే మిగిలిన రోజులకు దామాషాగా లెక్కగట్టి తరువాతి బిల్లులో కలుపుతారు. అందుకే ఏ ధరల పట్టికలోనూ లేని వింత మొత్తం స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. ఇవేమీ లేకపోయినా బిల్లు వేరే దేశపు కరెన్సీలో ఉంటే మారకం రేటు ఏ రెండు నెలలూ ఒకటిగా ఉండదు. మీరు చెప్పిన ఆ విడి చిన్న పద్దు బహుశా పరదేశపు లావాదేవీ రుసుము. దాన్ని వేసింది మీ బ్యాంకే గాని సాఫ్ట్‌వేర్ సంస్థ కాదు. పెద్ద పద్దులో అది ఎంత శాతమో, రెండు నెలలూ ఆ శాతం ఒకటేనో కాదో చూస్తే తేలిపోతుంది.

మెయిల్‌లో రశీదు దొరకకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉండవచ్చు. మీరు మారకం తరువాతి మొత్తంతో వెతికారు. రశీదులో ఉండేది అసలు కరెన్సీలోని మొత్తం. స్టేట్‌మెంట్‌లోనో బ్యాంకు యాప్‌లోని లావాదేవీ వివరాల్లోనో ఆ అసలు మొత్తం ఉంటుంది, దానితో వెతకండి. కార్డు చివరి నాలుగు అంకెలతోనూ, రశీదు, ఇన్‌వాయిస్ అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలతోనూ, పద్దు పడిన తేదీకి అటూ ఇటూ ఉన్న మెయిళ్లలో వెతకడం ఇంకా మేలు. స్పామ్ ఫోల్డర్‌నూ, బృందానికి ఉమ్మడిగా ఉన్న మెయిల్ పెట్టెనూ వదలకండి. ఫోన్ ద్వారా తీసుకున్న చందాలైతే ఆపిల్, గూగుల్ ఖాతాల్లోని సబ్‌స్క్రిప్షన్ల జాబితాలో ఉంటాయి. పేపాల్ ద్వారా ఇచ్చినవి ఆ ఖాతా సెట్టింగుల్లో ఆటోమేటిక్ పేమెంట్స్ అన్న చోట ఉంటాయి.

మేఘమాలిక

ఇద్దరికీ కృతజ్ఞతలు. విడి పద్దును పెద్ద పద్దుతో భాగించి చూశాను. రెండు నెలలూ ఒకే శాతం వచ్చింది కాబట్టి అది బ్యాంకు రుసుమేనని తేలింది. అసలు కరెన్సీలోని మొత్తం యాప్‌లో కనిపించింది గాని, ఆ మొత్తం కూడా రెండు నెలలకు వేరువేరుగా ఉంది. అంటే తేడా అంతా మారకం వల్ల వచ్చింది కాదు. నా మెయిల్‌లో మాత్రం ఆ మొత్తంతోనూ ఏమీ దొరకలేదు. వర్గసంఖ్య 5734 అని బ్యాంకువారు చెప్పారు.

సమాధానం: ముందుజాగ్రత్త

ఇంత పరిశోధన దేనికో నాకు అర్థం కావడం లేదు. మెయిల్‌లో రశీదు లేదు, పేరు తెలియదు, మొత్తం పెరుగుతోంది. దొంగిలించిన కార్డు వివరాలు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి మోసగాళ్లు మొదట చిన్న మొత్తాలే లాగుతారు. దొంగ కార్డులతో క్లౌడ్ ఖాతాలు తెరిచి సర్వర్లు వాడుకోవడం కూడా కొత్త కాదు. నేనైతే ఈ పూటే కార్డు బ్లాక్ చేయించి, ఆ తరువాత తీరికగా విచారిస్తాను. వాడుతున్న సేవ ఏదైనా ఆగిపోతే కొత్త కార్డు ఇచ్చుకోవచ్చు. పోయిన డబ్బు తిరిగి రావడం అంత తేలిక కాదు.

సమాధానం: జమాఖర్చు

కార్డు డిస్ప్యూట్‌ల విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. పై మిత్రులు చెప్పిన ప్రమాదం నిజమైనదే, కానీ దానికి కొన్ని గుర్తులు ఉంటాయి. తెలియని వర్తకుల పేర్లతో తక్కువ వ్యవధిలో అనేక చిన్న పద్దులు పడటం, కొన్ని తిరస్కరణకు గురికావడం, ఆ వెంటనే పెద్ద మొత్తానికి ప్రయత్నం జరగడం, మీరు అడగకుండానే ఓటీపీలు రావడం వంటివి కనిపిస్తే ఒక్క క్షణం కూడా ఆగకుండా బ్లాక్ చేయించాలి. మీ విషయంలో ఒకే వర్తకుడు, నెలకొక్కసారి వసూలు, కొద్దిపాటి తేడా ఉన్నాయి. ఇది మరచిపోయిన చందా నడిచే తీరుగా ఉంది. కావాలంటే బ్యాంకు యాప్‌లో కార్డును తాత్కాలికంగా ఆపి ఉంచండి, అది ఎప్పుడైనా తిరిగి తెరుచుకోవచ్చు. అయితే కొన్ని బ్యాంకుల్లో అలా ఆపినా, అంతకుముందే నమోదైన చందాల వసూలు కొనసాగుతుంది కాబట్టి మీ బ్యాంకు పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకోండి.

కార్డు మారిస్తే చందా దానంతటదే ఆగిపోతుందన్న నమ్మకం కూడా సరికాదు. వీసా అకౌంట్ అప్‌డేటర్, మాస్టర్‌కార్డ్ ఆటోమేటిక్ బిల్లింగ్ అప్‌డేటర్ అనే ఏర్పాట్లు ఉన్నాయి. వాటిలో పాల్గొనే బ్యాంకు జారీ చేసిన కొత్త కార్డు నంబరు, పాత కార్డును దాచుకున్న వర్తకునికి చేరిపోతుంది. కార్డు గడువు తీరినప్పుడు సేవలు ఆగకుండా చూడటమే దీని ఉద్దేశం గాని, వద్దనుకున్న చందా కూడా ఆ దారినే కొత్త కార్డు మీదికి వచ్చేస్తుంది. ఫలానా వర్తకుని నుంచి వచ్చే వసూళ్లను మాత్రమే నిలిపివేయమని బ్యాంకును కోరవచ్చు. వీసాలో దీనికి స్టాప్ పేమెంట్ సర్వీస్ అని ప్రత్యేకంగా ఒకటి ఉంది. ఇవన్నీ వసూలును ఆపుతాయే తప్ప ఒప్పందాన్ని రద్దు చేయవు. ఏడాది చందాను నెలవారీ వాయిదాల్లో కట్టేలా ఒప్పుకొని ఉంటే, వసూలు ఆగినా బాకీ మీ పేరిటే నడుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, పోల్చుకోలేకపోవడం వేరు, అనుమతి లేకపోవడం వేరు. బ్యాంకువారు “మీది కాదని చెప్పండి” అన్నప్పుడు ఈ రెండింటిలో మీరు దేన్ని చెబుతున్నారన్నదాన్ని బట్టి వ్యవహారం నడిచే దారే మారిపోతుంది. వీసా నియమావళిలో, కార్డు ఎదురుగా లేకుండా జరిగిన మోసానికి 10.4 అని, రద్దు చేసిన తరువాత కూడా వసూలైన చందాకు 13.2 అని వేర్వేరు కారణసంఖ్యలు ఉన్నాయి. మోసమని నమోదు చేశాక, మీ బృందంలోనివారే ఆ సేవను వాడుతున్నట్టు వర్తకుడు లాగిన్ వివరాలతో చూపిస్తే మీ వాదన వీగిపోతుంది. డిస్ప్యూట్ పడిన ఖాతాను సేవాసంస్థలు నిలిపివేయడం కూడా మామూలే, అందులోని ఫైళ్లు అందకుండా పోతాయి. కాబట్టి ముందు వసూలుదారును అడగండి. సాధారణంగా లావాదేవీ తేదీ నుంచి 120 రోజుల వరకు డిస్ప్యూట్‌కు కార్డు సంస్థలు వీలిస్తాయి. కాకపోతే బ్యాంకుల సొంత గడువులు, ఆయా దేశాల చట్టాలు ఇంతకన్నా తక్కువ వ్యవధి ఇవ్వవచ్చు కాబట్టి మొదటి పద్దు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

వసూలుదారుకు తేదీ, అసలు కరెన్సీలో మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు, పైన చెప్పిన 23 అంకెల సంఖ్య ఇస్తే చాలు. పూర్తి కార్డు నంబరు, వెనుకవైపున్న మూడంకెలు, ఓటీపీ అడిగినవారు ఎవరైనా సరే, సంభాషణ అక్కడితో ముగించండి. ఖాతా మరొకరి మెయిల్ మీద ఉంటే గోప్యత కారణంగా ఆ పేరు మీకు చెప్పరు. అయినా మీ మెయిల్ చిరునామాల మీద ఖాతా లేదన్న మాటను రాతపూర్వకంగా తీసుకుంటే, తరువాత మోసమని నమోదు చేయవలసి వస్తే అదే మీకు ఆధారం అవుతుంది.

మరొక్క సంగతి. ఉచిత ట్రయల్ ముగిసి చందాగా మారేటప్పుడు కనీసం 7 రోజుల ముందు గుర్తుచేయాలని, ట్రయల్ తరువాతి మొదటి పద్దులో ఆ విషయం కనిపించాలని వీసా 2020 ఏప్రిల్ 18 నుంచి వర్తకులకు నియమం పెట్టింది. మీ మొదటి పద్దులో ‘ట్రయల్’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే వెతకవలసిన మెయిల్ అంతకు వారం పైనాటిదన్నమాట.

మేఘమాలిక

జమాఖర్చు గారూ, మీరు చెప్పిన క్రమంలోనే వెళ్లాను. వసూలు చేసింది ఒక మధ్యవర్తి సంస్థ. దాని వెబ్‌సైట్‌లో తేదీ, మొత్తం, చివరి నాలుగు అంకెలు ఇవ్వగానే సాఫ్ట్‌వేర్ పూర్తి పేరు కనిపించింది. అది మా బృందం డిజైన్ ఫైళ్లు పంచుకోవడానికి వాడే సేవ. ఇటీవల బృందం నుంచి వెళ్లిపోయిన ఒక సహచరుడు ఆ ఖాతా తెరిచారు, కార్డు మాత్రం నాది. రశీదులన్నీ ఆయన మెయిల్‌కే వెళ్తున్నాయి. ఈ నెల మధ్యలో కొత్తగా ఇద్దరిని చేర్చుకున్నందువల్ల మొత్తం పెరిగింది. సంస్థవారు ఖాతా యజమాని పేరు చెప్పలేదు గాని, ఆ యజమానికి మెయిల్ పంపుతామన్నారు. అది అందగానే మా సహచరుడే నాకు ఫోన్ చేశారు. ఇప్పుడు కార్డును అలాగే ఉంచి, ఖాతాను మా పేరిట మార్చుకోవడానికి ఏ క్రమంలో వెళ్లాలి?

సమాధానం: సర్వర్‌కాపరి

ముందుగా ఆయన లాగిన్ అయి ఖాతా యాజమాన్యాన్ని మీ బృందపు ఉమ్మడి మెయిల్‌కు బదిలీ చేయాలి. ఈ పని కాకముందే ఆయనను సభ్యుల జాబితా నుంచి తీసివేయకండి. కొన్ని సేవల్లో యజమానిని తొలగిస్తే ఆయన తయారు చేసిన ఫైళ్లు కూడా ఆయనతోపాటే పోతాయి. బదిలీ అయ్యాక బిల్లింగ్ మెయిల్‌ను విడిగా మార్చాలి. చాలా సేవల్లో యజమాని మెయిల్, బిల్లింగ్ మెయిల్ రెండు వేర్వేరు గడులు. ఒకటి మారిస్తే రెండవది మారదు. అక్కడే పాత ఇన్‌వాయిస్‌లన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ తరువాత సీట్ల (మనిషికింత అని డబ్బు కట్టే సభ్యుల స్థానాల) సంఖ్య చూసి, వెళ్లిపోయినవారి సీటును రద్దు చేయండి. సభ్యుణ్ణి తీసివేసినంత మాత్రాన సీటు తగ్గకపోవచ్చు, తరువాతి బిల్లు తేదీలోగా తగ్గిస్తేనే లెక్కకు వస్తుంది. బ్యాంకులో ఇంకా డిస్ప్యూట్ నమోదు కాలేదు కనుక అటువైపు ఉపసంహరించుకోవలసింది ఏమీ లేదు.